ఎండకు నమ్మవచ్చు, ముంపుకు చాలదు: బెజవాడ, గుంటూరులకు అందే వేసవి వాతావరణ సూచనలపై సమీక్ష

మార్చి నుంచి జూన్ మధ్య వరకు విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఉండేవారికి వాతావరణ సూచన ఇంటి పనుల్లోనూ పొలం పనుల్లోనూ భాగమైపోయింది. మిర్చిని కళ్ళంలో ఎప్పుడు ఎండబోయాలి, కూలీలను ఏ వేళకు రమ్మనాలి, పెళ్ళి పందిరిమీద పట్టా కప్పించాలా వద్దా, సాయంత్రం బండిమీద ఊరికి బయలుదేరవచ్చా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే వెతుక్కుంటున్నాం. మనకు రూపాయి ఖర్చు లేకుండా అందుతున్న ఆ సేవలనే ఇక్కడ సమీక్షిస్తున్నాను: భారత వాతావరణ శాఖ అమరావతి కేంద్రం విడుదల చేసే ప్రకటనలు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాలవారీ జాబితాలు, ఫోనుకు వచ్చే హెచ్చరిక సందేశాలు, మౌసమ్, దామిని, మేఘ్‌దూత్ యాప్‌లు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎండ విషయంలో ఈ సేవ ప్రాణాలు కాపాడే స్థాయికి చేరుకుంది. ఉరుముల వానల విషయంలో చదవడం తెలిసినవారికి బాగా అక్కరకొస్తుంది. ముంపు విషయంలో మాత్రం ఎంత వాన పడుతుందో చెప్పి, పడిన నీరు ఏ వీధిలోకి పోతుందో చెప్పకుండా ఆగిపోతోంది.

ముందుగా ఋతువు మొత్తానికి ఇచ్చే అంచనా సంగతి. ఫిబ్రవరి చివర్లో మార్చి, ఏప్రిల్, మే నెలలకు, మార్చి చివర్లో ఏప్రిల్, మే, జూన్ నెలలకు వాతావరణ శాఖ ఈ అంచనాలను ప్రకటిస్తుంది. ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువగా ఉండటానికి ఏ ప్రాంతంలో ఎంత అవకాశం ఉందో రంగుల పటంలో చూపుతారు. కోల్డ్ స్టోరేజీ యజమానికో, విద్యుత్ సంస్థకో, మంచినీటి సరఫరా చూసే అధికారికో దానితో పని ఉంటుంది. రోజువారీ జీవితానికి అది పెద్దగా పనికిరాదు. వేసవి మొత్తం సాధారణ స్థాయిలో గడిచినా, అందులో నాలుగు రోజులు ప్రాణాంతకమైన ఎండ కాయవచ్చు. ఋతువు అంచనాను ఆ నాలుగు రోజుల కోసం చదివితే నిరాశ తప్పదు. దానికన్నా ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాల అంచనా మేలు. అందులోనూ మొదటి రెండు వారాలను పట్టించుకుంటే చాలని నా అభిప్రాయం.

ఎండ హెచ్చరికలు ఈ సేవలన్నిటిలోకీ గట్టి భాగం. 2015 మే నెల రెండో సగంలో వీచిన వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది వృద్ధులు, ఎండలో పనిచేయక తప్పని కూలీలు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని తరతరాలుగా చెప్పుకుంటున్న సీమలోనే అన్ని ప్రాణాలు పోయాయంటే, ఎండ తీవ్రత తెలియడం వేరు, ఏ రోజు ఇంట్లో ఉండిపోవాలో తెలియడం వేరని అర్థమవుతుంది. ఇప్పుడు విపత్తుల నిర్వహణ సంస్థ మరుసటి రోజు ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులు, ఏయే మండలాల్లో వడగాల్పులు వీచే అవకాశం ఉందో పేరుపేరునా ప్రకటిస్తోంది. ఒక జిల్లాలోనే పడమటి కొసకూ తూర్పు కొసకూ ఎండలో ఎంత తేడా ఉంటుందో తెలిసినవారికి దీని విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఉపాధి హామీ పనికి వెళ్ళే ఒక కుటుంబం ఆ జాబితాలో తమ మండలం పేరు చూసి, పదిగంటలకే పని ముగించుకుని ఇల్లు చేరగలిగితే, ఈ వ్యవస్థకు అంతకన్నా సార్థకత ఏముంటుంది?

అయితే హెచ్చరిక ఏ కొలమానం మీద నడుస్తుందో తెలుసుకుని చదవాలి. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు, తీరప్రాంతంలో 37 డిగ్రీలకు చేరి, ఆ తేదీకి ఉండవలసిన సాధారణ స్థాయిని 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి దాటితేనే అది వడగాల్పు. మైదానంలో ఆ తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాల్పు. సాధారణంతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు తాకితే వడగాల్పు, 47 తాకితే తీవ్ర వడగాల్పు. మే నెలలో మన ప్రాంతపు సాధారణ గరిష్ఠమే 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, 42 డిగ్రీల ఎండ కాసి, దానికి సముద్రపు తేమ తోడై, ఒళ్ళంతా చెమటతో తడిసి ఊపిరి సలపని రోజు ఈ లెక్కలో వడగాల్పు కాకుండా పోవచ్చు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు. అటువంటి రోజులకు ప్రకటనలో వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం ఉంటుందని ఒక వాక్యం వేరుగా ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో వడగాల్పుల ప్రస్తావన లేదని ఊరట చెంది ఆ వాక్యాన్ని వదిలేస్తే ప్రమాదం. రేకుల ఇళ్ళలో ఉండేవారికి, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ఆ వాక్యమే అసలైన హెచ్చరిక. ఉష్ణోగ్రతను, తేమను కలిపి చూపే ఉష్ణ సూచిని 2023లో వాతావరణ శాఖ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. రోజువారీ తెలుగు ప్రకటనలో డిగ్రీల పక్కనే ఆ సూచికి కూడా చోటు దొరకాలి.

రాత్రుల సంగతి మరింత శ్రద్ధతో చూడవలసినది. పగలు 40 డిగ్రీలు దాటిన చోట రాత్రి కనిష్ఠం కూడా సాధారణాన్ని 4.5 డిగ్రీలకు మించి దాటితే దాన్ని వేడి రాత్రిగా లెక్కిస్తారు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల మధ్య ఒదిగిన విజయవాడలో బండరాళ్ళూ కాంక్రీటూ పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. పగటి ఎండకు అలసిన శరీరం తేరుకోవలసిన సమయం రాత్రి. ఆ సమయమే లేకుండా పోయినప్పుడు మూడో రోజో నాలుగో రోజో మనిషి కుప్పకూలుతాడు. పగటి డిగ్రీలకు ఇచ్చినంత ప్రాధాన్యం రాత్రి కనిష్ఠానికి మన పత్రికలూ టీవీలూ ఇవ్వడం లేదు. ప్రకటనలో ఆ అంకె ఉంటుంది. వెతికి చదవాలి.

ఇక్కడే కొలిచే కేంద్రాల గురించి ఒక మాట చెప్పాలి. విజయవాడ ఉష్ణోగ్రతగా మనం తరచు వినేది గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచినది. చుట్టూ ఖాళీ స్థలం, పొలాలు ఉన్న ఆ చోటికీ బీసెంట్ రోడ్డుకీ ఆటోనగర్‌కీ ఒకే అంకె సరిపోదు. శాస్త్రప్రకారం కొలత ఎప్పుడూ నీడలో, బహిరంగ స్థలంలో, నేలకు నిర్ణీతమైన ఎత్తులోనే తీయాలి కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. తారు రోడ్డుమీద నిలబడినవాడికి అంతకన్నా ఎక్కువ వేడి తగులుతుందని మనమే కలుపుకుని చదవాలి. గుంటూరు వాసులు ఒకే అంకెను పట్టుకోకుండా బాపట్ల, నందిగామ, జంగమహేశ్వరపురం అంకెలను కూడా పక్కపక్కన పెట్టి చూస్తే పరిస్థితి చక్కగా అర్థమవుతుంది. బాపట్లకు సముద్రపు గాలి తగులుతుంది. పల్నాడులోని జంగమహేశ్వరపురానికి ఆ భాగ్యం లేదు. ఆ రెంటి మధ్య తేడా బాగా తగ్గిపోయి బాపట్ల కూడా మండుతోందంటే, ఆ రోజు పడమటి గాలి గెలిచి సముద్రపు గాలిని ఒడ్డునే ఆపేసిందని గ్రహించాలి.

అందుకే ప్రకటనలో మొట్టమొదటి వాక్యాన్ని దాటవేయవద్దని నాకు తెలిసినవారందరికీ చెబుతుంటాను. దిగువ ట్రోపో ఆవరణంలో, అంటే నేలకు దగ్గరగా ఉండే గాలి పొరలో, ఏ దిశనుంచి గాలులు వీస్తున్నాయో చెప్పే ఆ వాక్యం చూడటానికి శాస్త్రవేత్తల కోసం రాసినట్టుంటుంది. మనకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. వాయవ్యం నుంచో పడమటినుంచో గాలి అంటే ఎండిన నేలమీదుగా వచ్చే పొడి వేడి. అటువంటి రోజు మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి రాలేదు, లేదా బాగా పొద్దుపోయాక వస్తుంది. ఆగ్నేయం నుంచో దక్షిణం నుంచో గాలి అంటే డిగ్రీలు రెండు మూడు తగ్గుతాయి, ఉక్కపోత పెరుగుతుంది, సాయంత్రానికి ఉరుములకు కావలసిన తేమ సమకూరుతుంది. ఎండ సేవకు అయిదింటికి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర మార్కు తేమను, రాత్రి వేడిని వెనక వరుసలో ఉంచినందుకు.

ఉరుముల వానల దగ్గరికి వస్తే, ఒకే ప్రకటనలో ఎండ హెచ్చరికా పిడుగుల హెచ్చరికా కలిసి కనబడటం చాలామందికి వింతగా తోస్తుంది. అందులో వైరుధ్యం లేదు. నేల బాగా కాగినప్పుడు గాలి వేగంగా పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ దానికి అందితే, ఛత్తీస్‌గఢ్ నుంచో విదర్భ నుంచో తెలంగాణ, రాయలసీమల మీదుగా దక్షిణానికి సాగే ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) దగ్గర పడమటి పొడిగాలీ తూర్పు తడిగాలీ కలిస్తే, మధ్యాహ్నం రెండు గంటలకు నిర్మలంగా ఉన్న ఆకాశంలో నాలుగు గంటలకు క్యుములోనింబస్ మేఘం కొండలా నిలబడుతుంది. దాని కడుపులో చల్లబడిన గాలి వానతోపాటు ఒక్కసారిగా కిందికి జారి నేలను తాకి నలుదిక్కులకూ విరజిమ్మడమే మనం చూసే ఈదురుగాలి. హోర్డింగులు, రేకుల షెడ్లు, చెట్ల కొమ్మలు పడేది చాలావరకు వాన చినుకు పడకముందు వచ్చే ఆ మొదటి ఊపులోనే. సూచనలో గాలి వేగం గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లు అని ఉంటే బండి ఆపి ఒక గట్టి భవనంలో తలదాచుకోవాలి. 60 దాటుతుందని ఉంటే అసలు బయలుదేరకూడదు.

ఈ సూచనలను చదవడంలో జరిగే పెద్ద పొరపాటు ప్రదేశం గురించి. ఉరుములతో కూడిన జల్లులు ఒకటి లేక రెండు చోట్ల పడతాయని అన్నారంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదవుతుందని వారి లెక్క. కొన్ని చోట్ల అంటే సగం వరకు, అనేక చోట్ల అంటే ముప్పావు వంతు వరకు, చాలా చోట్ల అంటే అంతకు పైన. కాబట్టి మంగళగిరిలో కుండపోతగా కురిసి తాడికొండలో చినుకు పడకపోయినా సూచన తప్పలేదు. ఈ లెక్క తెలియకనే మనవాళ్ళు వాతావరణ శాఖ మాటలను తేలిగ్గా తీసేస్తుంటారు. అది చాలా నష్టం చేసే అలవాటు. ఒకటి రెండు చోట్ల అన్నప్పుడు పని మానుకోనక్కరలేదు గాని పట్టాలు చేతికి అందేలా ఉంచుకోవాలి. అనేక చోట్ల అన్నప్పుడు పంటను బయట ఉంచకూడదు.

ముందురోజు సూచన జాగ్రత్తపడమని చెబుతుంది. ఏ వేళకు, ఎటువైపు నుంచి అన్నది తెలిపేది మూడు గంటల తక్షణ సూచన. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్, విజయవాడకు బాగా దగ్గరలో ఉండటం మన అదృష్టం. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలనుంచి ఎత్తుగా సాగుతుంది కాబట్టి పల్నాడు పడమటి కొసల్లో మేఘం అడుగుభాగం దానికి అంత బాగా కనబడకపోవచ్చు. కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల మీద మాత్రం చూపు చక్కగా ఆనుతుంది. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి పంపిన ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహం చిత్రాలు దీనికి తోడు. రాడార్ చిత్రం తెరిచి, వరుసగా వచ్చిన నాలుగైదు బొమ్మల్లో గట్టిగా కురిసే మేఘాన్ని చూపే ఎర్రటి మచ్చ ఎటు జరుగుతోందో చూడటం నేర్చుకుంటే, అరగంట ముందో గంట ముందో సిద్ధం కావచ్చు. నందిగామ వైపో సత్తెనపల్లి వైపో పుట్టిన మేఘం ఇటు కదులుతోందో లేక పుట్టిన చోటే కురిసి కరిగిపోతోందో కంటికి కనబడుతుంది. పదో తరగతి పిల్లలకు కూడా అరపూటలో నేర్పగలిగినంత సులువైన విద్య ఇది. మన పాఠశాలల్లో నేర్పితే ఎంత మేలు జరుగుతుందో!

పిడుగుల కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ రూపొందించిన దామిని యాప్ ఉంది. మనం ఉన్న చోటుకు 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయా అని చూపుతుంది. ప్రతి పొలం మేస్త్రీ ఫోనులోనూ ఉండవలసిన యాప్ ఇది. దీని బలహీనత ఒక్కటే. ఫోనులో లొకేషన్, డేటా రెండూ పనిచేస్తూ ఉండాలి, ఫోను మనిషి దగ్గర ఉండాలి. నాట్లు వేసే కూలీల ఫోన్లు గట్టుమీద సంచిలో ఉంటాయి. అందుకని యాప్‌తో పాటు చెవినీ నమ్మమంటాను. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడే లోపు మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున లెక్కపెట్టుకోవచ్చు. ముప్పై సెకన్ల లోపే ఉరుము వినబడితే మేఘం పది కిలోమీటర్లలో ఉన్నట్టే, తరువాతి పిడుగు మన నెత్తిన పడవచ్చు. చెట్టు కిందికి చేరడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. ఏటా పిడుగుపాటుకు పోతున్నవారిలో పొలం పనివాళ్ళూ గొర్రెల కాపరులూ ఎక్కువగా ఉండటానికి, వాన రాగానే చెట్టు నీడకు పరుగెత్తే అలవాటు ఒక పెద్ద కారణం.

గుంటూరు మాట వచ్చినప్పుడు మిర్చిని మరిచిపోలేం. కోసిన కాయ కళ్ళంలో రోజుల తరబడి ఎండాలి. ఆ రోజుల్లో ఒక్క సాయంత్రం గాలివాన వచ్చి పట్టా ఎగిరిపోతే, తడిసిన కాయ రంగు మారి తాలుగా పోతుంది. బూజు పట్టిన కాయ యార్డులో ధర పలకదు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చేలోగా టిక్కీలు (మిర్చి బస్తాలు) చేర్చాలన్న తొందర, కోల్డ్ స్టోరేజీలో చోటు దొరుకుతుందో లేదో అన్న దిగులు రైతుకు ఎటూ ఉంటాయి. అటువంటి వేళ గంటగంటకూ బొమ్మలు చూపే ఒక ప్రైవేటు యాప్‌లో ఆ సాయంత్రం నిండు సూర్యుడి బొమ్మ చూసి, మా బంధువులు పట్టాలు కప్పకుండా ఇంటికి వచ్చేశారు. ఆ రాత్రి వారు పోగొట్టుకున్నది ఏడాది కష్టంలో పెద్ద భాగం. ఆ యాప్‌ల వెనక ఉండే ప్రపంచ స్థాయి కంప్యూటర్ నమూనాలు భూమిని పెద్ద పెద్ద గళ్ళుగా విడదీసి లెక్కిస్తాయి. నాలుగైదు కిలోమీటర్ల వెడల్పు కూడా లేని ఉరుము మేఘం వాటి కన్ను కప్పి పోగలదు. మన వాతావరణ శాఖ 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంతకుముందు అది 12. ఇది మంచి అడుగు. ఎంత చిన్న గడి అయినా మేఘం ఎవరి కళ్ళంమీద కురుస్తుందో ముందురోజే చెప్పలేదు. అది చెప్పగలిగేది రాడారే. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో మేఘ్‌దూత్ ద్వారా వచ్చే పంటల సలహాలు కోతను ముందుకో వెనక్కో జరుపుకోవడానికి పనికొస్తాయి. నూజివీడు, నున్న వైపు మామిడి రైతులు కూడా ఈదురుగాలుల సూచన చూసి పక్వానికి వచ్చిన కాయను ముందే కోయించుకుంటే, రాలిన కాయను వచ్చిన ధరకు తెగనమ్ముకునే బాధ కొంత తగ్గుతుంది. ఉరుముల సేవకు అయిదింటికి నాలుగు.

ముంపు విషయానికి వచ్చేసరికి నా మెప్పు తగ్గుతుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.5 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ మెట్లన్నీ ఒక రోజు మొత్తానికి కట్టిన లెక్క. వేసవి గాలివాన గంటలోపే 50 మిల్లీమీటర్లు కురిపించి వెళ్ళిపోతే అది ఆ లెక్కలో భారీ వర్షం కిందికి కూడా రాదు. గుంటూరులో మూడు వంతెనల కింద, కంకరగుంట దగ్గర, విజయవాడలో రైల్వే వంతెనల కింద, వన్‌టౌన్ పల్లపు వీధుల్లో నీరు నిలవడానికి ఆ గంట చాలు. గమనిస్తూ ఉండమని మాత్రమే చెప్పే పసుపు రంగు హెచ్చరిక చూసి చిన్నపాటి జల్లు అనుకుని బయలుదేరిన ఆటో ఆ నీళ్ళలో ఆగిపోతుంది. నగరాలకు గంటకు ఎంత వాన అన్న కొలమానంతో వేరే హెచ్చరిక ఇవ్వాలి. ఏ వంతెన కింద ఎంత వానకు నీరు చేరుతుందో నగరపాలక సంస్థల సిబ్బందికి ఏళ్ళ తరబడి తెలుసు. ఆ తెలివిడి సూచనలోకి ఎక్కడం లేదు.

మే నెల తుఫానుల సంగతి దీనికి భిన్నం. 1990 మే 9న మచిలీపట్నం దిగువన తీరం దాటిన పెను తుఫాను 900 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర, 2022 మే 11న అసని మచిలీపట్నం, నరసాపురాల మధ్య తీరం చేరాయి. తుఫాను దారిని, సమయాన్ని పట్టుకోవడంలో ఈ మూడు దశాబ్దాల్లో వచ్చిన మార్పు అపారమైనది. తీరప్రాంత ప్రజలు దాన్ని నమ్ముతున్నారు, చెప్పిన వేళకు కదులుతున్నారు. తుఫాను విషయంలో సాధించగలిగినప్పుడు వాగు విషయంలో ఎందుకు సాధించలేం?

కృష్ణానది విషయంలోనే చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కృష్ణలంకలో, రాణిగారితోటలో ఉండే పెద్దవారికి ఈ అంకెలు నోటికి వచ్చు. ఏ అంకె వినబడితే సామాను సర్దుకోవాలో వారికి తెలుసు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులు చూసింది. 2009 నాటి రికార్డును కూడా దాటిన ఆ వరదలో కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాచుకుంది. అదే సమయంలో నగరానికి అవతలి వైపు బుడమేరు వాగు గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక ప్రాంతాల్లో లక్షల మంది నీళ్ళలో చిక్కుకున్నారు. అంతకు రెండు రోజుల ముందు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. వానకు సంబంధించిన హెచ్చరిక ఆ రోజుల్లో ఉంది. మైలవరం కొండల్లో కురిసిన నీరు వెలగలేరు దగ్గరికి ఎంత వస్తోంది, మళ్ళింపు కాలువ ఎంత మోయగలదు, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీరు నదిలో కలవలేక వెనక్కి తన్నితే పాత దారిన కొల్లేరుకు పోయే ప్రవాహం ఏ కాలనీల మీదుగా పోతుంది అన్న లెక్క సామాన్యుడి దగ్గరికి రాలేదు. 3.97, 5.69 అన్న అంకెల్లాగా బుడమేరుకు కూడా జనం నోట ఆడే అంకెలు కావాలి. వెలగలేరు దగ్గర నీటిమట్టం ఇంతకు చేరితే ఏ వీధిలోకి ఎన్ని గంటల్లో నీరు వస్తుందో వార్డు సచివాలయం గోడమీద రాసి ఉండాలి. కొండవాలు మీద ఇళ్ళున్నవారికి, రెండు మూడు రోజులు వరసగా కురిసిన వాన మొత్తాన్ని బట్టి వేరే హెచ్చరిక ఉండాలి. గుంటూరులో పీకలవాగు పక్కన ఉండేవారికి కూడా ఇటువంటిదే కావాలి. ఇవి వచ్చేదాకా ముంపు సేవకు అయిదింటికి రెండు కన్నా ఎక్కువ ఇవ్వలేను.

సమాచారం చేరే తీరు గురించి కొద్దిగా చెబుతాను. తెలుగులో సందేశాలు రావడం, టవరు పరిధిని బట్టి ఆ ప్రాంతంవారికే పంపడం మెచ్చుకోదగినవి. 112, 1070 నంబర్లు అందరూ ఫోనులో దాచుకోవాలి. ప్రకటనల్లోని తెలుగు ఇంకా సరళం కావాలి. ఉపరితల ఆవర్తనం (పైన గాలులు సుడిలా తిరగడం) ఎంత ఎత్తు వరకు ఉందో చెప్పిన తరువాత, దానివల్ల గుంటూరు జిల్లాలో సాయంత్రం ఏం జరగవచ్చో ఒక్క వాక్యంలో చెబితే చదివేవాడికి నిశ్చింత. పిడుగుల సందేశం చిన్న టింగుమనే శబ్దంతో వచ్చి, బ్యాంకు ప్రకటనల మధ్య కలిసిపోతోంది. 2023లో దేశమంతటా పరీక్షగా పంపిన అత్యవసర సందేశానికి ఫోన్లన్నీ పెద్ద శబ్దంతో మోగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిడుగుల మేఘం పొలాల మీదికి వస్తున్నప్పుడు, మరీ ముఖ్యంగా అర్ధరాత్రి వాగులో నీరు పెరుగుతున్నప్పుడు, ఆ ప్రాంతపు ఫోన్లకు ఆ మోతనే వాడాలి. ఫోను లేని ముసలివారి కోసం వార్డు సచివాలయాల దగ్గర మైకులు ఉంచి, వాటిని ఏటా మే నెలలో ఒకసారి మోగించి పరీక్షించాలి.